పాసేజీ చదవనని ప్రమాణం

ప్రొద్దుటూరులో మా అమ్మాయి హారిక చదివే బడివాళ్ళు పోయిన నెలలో నన్ను పిలిపించారు. ఏసీ గదిలో కూర్చోబెట్టి, ఇంగ్లీషు చెప్పే మేడం కంప్యూటరు తెర నా వైపు తిప్పింది. తెర మీద రంగురంగుల కడ్డీలు నిలబడి ఉన్నాయి. అన్నీ పొడుగ్గా ఉన్నాయి, ఒక్కటి మాత్రం కత్తిరించిన గోరంత ఉంది. ఆ పొట్టి కడ్డీ మీద పెన్ను పెట్టి, "రీడింగ్ స్కిల్స్‌లో పాప శానా వీకు సార్" అంది. తొమ్మిదో తరగతికొచ్చిన పిల్లకు ఇంగ్లీషు చదవడం రాకపోతే ఇన్నేళ్ళుగా నేను ఏ బడికి పంపుతున్నట్టు? "చదవడం రాదా మేడం?" అన్నాను. "రాకేం సార్, చదువుతాంది. అదే ప్రాబ్లం. పాసేజీ ఇస్తే మొదటి నుంచి చివరిదాకా చదువుతాంది."

ఎగతాళి చేస్తోందేమోనని ఆమె మొహం చూశాను. లేదు, ఆమె నిజంగానే బాధపడుతోంది. ముందు ప్రశ్న చూడాలట. ప్రశ్నలో ముఖ్యమైన మాటను పట్టుకుని పాసేజీ మీద కన్ను పరిగెత్తించాలట. ఆ మాట ఎక్కడ తగిలితే అక్కడ ఆగి, ఆ వాక్యం దింపుకుని, తర్వాతి ప్రశ్నకు వెళ్ళిపోవాలట. వీటికి స్కిమ్మింగు, స్కానింగు అని పేర్లు కూడా ఉన్నాయట. "దీని మీద వర్క్‌షాపు పెట్టినాం సార్. మీ పాప వర్క్‌షాపులో గూడా చదివింది" అంది మేడం. ఇంతకంటే పెద్ద నేరం ఆమెకు తోచినట్టు లేదు.

బండి మీద ఇంటికి వస్తూ దారిపొడుగునా నవ్వుకున్నాను. ఆ రెండు పేర్లూ నాకు కొత్త. ఆ పని మాత్రం పాతదే. జమ్మలమడుగులో, ముక్కుపొడి వాసన వచ్చే ఒక వసారాలో నేర్చుకున్నాను. అక్కడ దానికి పేరు లేదు. నేను బతుకుతున్నది నాపరాళ్ళ కొలతల మీద. ఏ బండలో ఎంత పనికొస్తుంది, ఎంత తరుగు పోతుంది అని చూసి చెప్పడం నా పని. అన్నదమ్ములు వేరుపడేటప్పుడు పొలం వాటాలు తేల్చడానికి కూడా నన్ను పిలుస్తారు. ఈ లెక్కలన్నీ యాడ నేర్చుకున్నావప్పా అని అడిగితే, ఇంగ్లీషు ట్యూషనులో అని చెబుతాను. నవ్వుతారు. నేను నిజమే చెబుతున్నాను.

ఆ వసారా విశ్వనాథయ్య సారుది. ఆయన అన్నదమ్ములంతా పౌరోహిత్యంలో ఉంటే, ఆయనొక్కడే హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పేవాడు. పొద్దున మేం పోయేసరికి ఆయన భార్య నాపరాళ్ళ వసారా కడిగి ముగ్గేసి ఉండేది. తడి బండ మీద కూర్చుంటే చల్లదనం నడుము దాకా ఎక్కేది. లోపల కాఫీ గింజలు వేగుతూ ఉండేవి, పూజగదిలోంచి కర్పూరం వాసన వచ్చేది, ఈ రెంటి మధ్యలో సారు ఇత్తడి డబ్బీ మూత తీసేవాడు. ఒక పట్టు ముక్కుపొడి పీల్చనిదే ఆయన ఏ ప్రశ్నకూ జవాబు చెప్పేవాడు కాదు. పీల్చి, తుమ్మి, తుండుతో ముక్కు తుడుచుకునే లోపల జవాబు తయారయ్యేది. మా పుస్తకాల్లో ఆయన వేలు పడిన చోటల్లా గోధుమరంగు మరక ఉండేది. ముఖ్యమైన పాఠాలేవో ఆ మరకలను బట్టే మాకు తెలిసేది.

పాఠం చెప్పడమంటే ఆయన ఒక వాక్యం చదివేవాడు, మేం అందరం కలిసి దాన్ని అంతకంటే గట్టిగా అరిచేవాళ్ళం. అర్థం సంగతి ఆయన అడిగేవాడు కాదు, మేం అడిగేవాళ్ళం కాదు. చదువును మా వీధిలో గొంతును బట్టి కొలిచేవారు. మా నాయన తల్లి, మా జేజి, ఇంటి అరుగు మీద కూర్చుని ఆకువక్క నములుతూ, "మా పిల్లోళ్ళ ఇంగ్లీషు బస్టాండు దాకా ఇనపడతాంది" అని దారిన పోయేవాళ్ళకు చెప్పుకునేది. పాఠాలన్నీ అలా అరిచి కంఠతా పట్టినవే కాబట్టి వాటితో భయం లేదు. పరీక్షలో కొత్తగా ఇచ్చే పాసేజీ ఒక్కటే చిక్కు. దాన్ని ముందుగా అరవడానికి వీల్లేదు. అందుకని సారు దానికొక పద్ధతి కనిపెట్టాడు. ప్రశ్నలో పెద్ద మాట ఏదో చూడు. పాసేజీలో అదే మాట యాడుందో ఎతుకు. దొరికితే, దాని ముందరి చుక్క నుంచి దాని తర్వాతి చుక్క దాకా దించెయ్. అంతే.

ఆ పద్ధతికి నేనొక మెరుగు పెట్టాను. అప్పుడే మా ఇంట్లో మా నాయన, చిన్నాయనలు పొలాలు పంచుకున్నారు. గొలుసు పట్టుకుని కొలిచే మనిషి వెంట నేను గట్ల మీద తిరిగాను. పాసేజీ కూడా పొలం లాంటిదేనని నాకు తట్టింది. ప్రశ్నలు ఎప్పుడూ పాసేజీ వరుసలోనే వస్తాయి. కాబట్టి లైన్లను ప్రశ్నలతో భాగించి, ఎవరి వాటా వాళ్ళకు ఇచ్చేయవచ్చు. పదహారు లైన్లు, అయిదు ప్రశ్నలు అయితే తలా మూడు. మొదటి ప్రశ్నకు మొదటి వాటాలో, చివరి ప్రశ్నకు చివరి వాటాలో వెతికితే చాలు. జవాబు గట్టు మీద పడిందని అనుమానం వస్తే రెండు పక్కలా దించేయాలి. భాగించగా మిగిలిపోయిన లైను ఎవరిదీ కాదు, దాన్ని పోరంబోకు కింద వదిలేయాలి. అలా వదిలేయడానికి నేను ఎప్పుడూ మొదటి లైనునే ఎంచుకునేవాణ్ణి. ఒక ఊళ్ళో ఒకరు ఉండేవారని చెప్పడం తప్ప మొదటి లైను ఏ పనీ చేయదని నా నమ్మకం. సారు ఇది విని రెండు పట్లు ముక్కుపొడి ఒకేసారి పీల్చాడు. "అబ్బీ, నువ్వు సదవకపోయినా పైకొస్తావు పో" అన్నాడు. ఆ మాట కొంతవరకు నిజమైంది.

అలాంటి వసారాకు పద్మక్క వచ్చింది. ఆమె మా పెద్దమ్మ కూతురు, పులివెందుల దగ్గర లింగాల వాళ్ళ ఊరు. పదో తరగతిలో అన్నీ పాసై ఒక్క ఇంగ్లీషులో తప్పింది. మా ఇంట్లో ఉండి విశ్వనాథయ్య సారు దగ్గర నేర్చుకుని, నాతోపాటు మళ్ళీ పరీక్ష రాయాలని ఏర్పాటు. పెద్దనాయన ఆమెను దిగబెట్టడానికి వచ్చిన రోజు ఒక గోతం నిండా చీనీకాయలు, అదే బత్తాయిలు, తెచ్చాడు. ఇల్లంతా ఆ వాసనే. మా నాయనతో, "ఇదే ఆఖరు, ఏమప్పా. ఈసారి తప్పితే మళ్ళా బడి మాట ఎత్తగూడదని దానికీ చెప్పినా. తోటలో పని ఉండనే ఉంది, సంబంధాలూ వస్తాండాయి" అన్నాడు. పద్మక్క వంటింటి గడప దగ్గర నీళ్ళచెంబు పట్టుకుని నిలబడి వింటోంది. ఆమెకు ప్రొద్దుటూరులో ఇంటరు చదివి, టీచరు ట్రైనింగుకు పోవాలని ఉండేది. దానికి అడ్డం ఇంగ్లీషు ఒక్కటే.

ఇంగ్లీషు రాకపోవడం ఆమె రోగం కాదని మొదటి రోజే బయటపడింది. తిరునాళ్ళలో కుక్కను పోగొట్టుకున్న ఒక ముసలాయన గురించి పాసేజీ. మేమంతా వాటాలు పంచుకుని జవాబులు దించి నోటుపుస్తకాలు ఎత్తేశాం. పద్మక్క ఇంకా వేలు పెట్టి చదువుతూనే ఉంది. చివరికి తలెత్తి, "ఆ కుక్క దొరికిందా సారూ?" అంది.

"ఏ కుక్కమ్మా?"

"ముసలాయన కుక్క. ఎతుకుతాండాడని చెప్పి ఆడికే నిలిపేసినారు."

సారు డబ్బీ మూత తీశాడు. "కథ నీకెందుకమ్మా? కుక్క దొరికితే ఆయనకు, మార్కులు దొరికితే నీకు. పాసేజీ అంటే ఏందనుకున్నావు? జేబులో చెయ్యి పెట్టి తాళంచెవి తీసినట్ల తియ్యాల. జేబులో ఇంకేమేముండాయని తడమగూడదు."

ఆమె తడమకుండా ఉండలేకపోయింది. పరీక్షల పాసేజీలన్నీ ఎవరో పెద్ద కథల్లోంచి కత్తిరించినవి. సగంలో ఆగిపోతాయి. ఆ సంగతి మాలో ఎవరికీ తెలియదు, చివరిదాకా పోయినవాళ్ళు లేరు కాబట్టి. పద్మక్క ఒక్కతే ప్రతిసారీ ఆ అంచుదాకా వెళ్ళి, కింద మెట్టు లేదని తెలిసి నిలబడిపోయేది. సాయంత్రం జేజితో కలిసి చెనిక్కాయలు వలుస్తూ ఆ కథ తెలుగులో చెప్పేది. జేజి చెవి ఒగ్గి వినేది.

"తర్వాత?"

"అంతే జేజీ. ఆడికే ఉంది."

"ఆడికే ఉండేదేందే? ఇంగ్లీషోళ్ళు దేశాన్ని ఇడిసిపోయినట్ల కతల్ని గూడా సగంలో ఇడిసిపెట్టి పోయినారా?" అని జేజి విసుక్కునేది. తర్వాత ఇద్దరూ కూర్చుని మిగతా సగం అల్లేవాళ్ళు. కుక్క దొరికిందో లేదో మాకు భోజనాల వేళకు తెలిసేది. జేజి చేతిలో పడిన కథల్లో ఎవరూ ఊరికే చచ్చిపోయేవారు కాదు, తప్పు చేసినవాడికి మాత్రం కడుపు నిండా తిట్లు పడేవి. నాకివన్నీ వృథా కాలక్షేపంగా కనిపించేవి.

పరీక్ష దగ్గర పడ్డాక సారు మా అందరికీ వసారాలోనే ఒక నమూనా పరీక్ష పెట్టాడు. పద్మక్క పాసేజీ దగ్గరే కూరుకుపోయింది. ఉత్తరం రాయలేదు, వ్యాకరణం ముట్టుకోలేదు. పాసేజీకి కూడా చూసి దించకుండా సొంత మాటల్లో రాయబోయి కొట్టివేతలతో పేజీ నింపింది. సారు ఆ కాగితం చూసి చాలాసేపు ముక్కుపొడి కూడా పీల్చలేదు. "మీ నాయనకు నేను మాట ఇచ్చినా గదమ్మా" అన్నాడు. ఆయన గొంతు అలా దిగిపోవడం మేం ఎప్పుడూ వినలేదు. పద్మక్క తల వంచుకుని కూర్చుంది. బండ మీద టపటపా కన్నీళ్ళు పడ్డాయి. సారు లేచి లోపలికి పోయి, హారతి పళ్ళెంలో కర్పూరం బిళ్ళ వెలిగించి తెచ్చాడు.

మా ప్రాంతంలో కర్పూరం ఆర్పి ప్రమాణం చేయడం చిన్న సంగతి కాదు. గట్టు జరిపినవాడు, తీసుకున్నది లేదన్నవాడు, ఎంత మీసమున్నవాడైనా ఆ మంట మీద చెయ్యి పెట్టాలంటే వెనకాడతాడు. ఊళ్ళకు ఊళ్ళు ఆ ప్రమాణంతో తగవులు తీర్చుకున్నాయి. ఇంగ్లీషు పరీక్ష కోసం దాన్ని వాడినవాడు మాత్రం, నాకు తెలిసి, విశ్వనాథయ్య సారు ఒక్కడే. "పాసేజీ చదవనని ప్రమాణం చెయ్యమ్మా" అన్నాడు.

లోపలి నుంచి ఆయన భార్య కాఫీ గరిటె పట్టుకుని వచ్చింది. "సదవనని పిల్లచేత ప్రమాణం చేయించే అయ్యవారిని మిమ్మల్నే చూస్తాండా."

"సదువు వద్దనలేదే. పాసేజీ వద్దంటాండా. పాసయినాక ఎంతైనా సదువుకోనీ, ఎవురొద్దన్నారు?"

పద్మక్క కళ్ళు తుడుచుకుంది. మంట వైపు చూసింది. "హాల్లో మాత్రమే గదా సారూ?" అంది.

సారు పళ్ళెం ఒక చేతిలోకి మార్చుకుని ఒక పట్టు ముక్కుపొడి పీల్చాడు. "హాల్లో మాత్రమే."

ఆమె అరచేయి మంట మీద పెట్టి ఆర్పింది. కర్పూరం పొగ, ముక్కుపొడి కలిసి మేమంతా తుమ్మాం. దేవుడు ఒప్పుకున్నాడనడానికి సారు దాన్నే గుర్తుగా తీసుకున్నాడు.

పరీక్ష హాల్లో ఆమె నా ముందు వరుసలో, కాస్త పక్కగా కూర్చుంది. వెంట తెచ్చుకున్న అట్టముక్కను ఆమె ఎలా వాడిందో నాకు బాగా కనిపించింది. పాసేజీ మొత్తం అట్టతో కప్పేసి, ఒక్కో ప్రశ్నకు ఒక్కో వాటా మాత్రం బయటికి జరుపుకుని, దించి, మళ్ళీ కప్పేసింది. నా వాటాల పద్ధతిని ఇంత నిష్ఠగా పాటించినవాళ్ళను నేను మళ్ళీ చూడలేదు. గంట మోగి బయటికి రాగానే, మిగతావాళ్ళు ఎన్ని బిట్లు రైటో చూసుకుంటుంటే, ఆమె గేటు పక్క గోడ మీద కూర్చుని ప్రశ్నపత్రం విప్పింది. మొదటి లైను నుంచి వేలు పెట్టి చదివింది. నేను పక్కన నిలబడి తొందరపెడుతున్నాను.

"రేయ్, ఒక ముసలామె మేకను తోలుకోని ఏరు దాటతాంది రా. పడవలోకి నీళ్ళు వస్తాండాయి. బరువు తగ్గకుంటే అందరం మునగతాం అని పడవాయన మేక దిక్కు చూసినాడు. ఆ యమ్మ మేకను వాటేసుకుంది."

"అయితే?"

"అంతే. ఆడికే నిలిపేసినారు. నువ్వు సదవలా?"

"నేనెందుకు సదువుతా? అయిదూ వచ్చినాయి నాకు."

పడవ అనేదాన్ని మేమిద్దరం ఎన్నడూ చూడలేదు. మా పెన్నేట్లో ఎక్కువ కాలం ఇసుకే, దాన్ని దాటడానికి చెప్పులు చేత పట్టుకుంటే చాలు. ఆ సాయంత్రం పద్మక్క, జేజి చెనిక్కాయల చేట ముందు చాలాసేపు మాట్లాడుకున్నారు. జేజి ఎవరినో గట్టిగా తిట్టడం వినపడింది. నేను పట్టించుకోలేదు.

పద్మక్క పాసైంది. ఒకటి రెండు మార్కుల అంచు మీద కూడా కాదు, సుఖంగా పాసైంది. పెద్దనాయన మళ్ళీ చీనీకాయలు తెచ్చాడు, ఈసారి ఒక గోతం సారు ఇంటికి కూడా వెళ్ళింది. ఆమె ప్రొద్దుటూరులో ఇంటరు చదివింది, ట్రైనింగు చేసింది, పులివెందులలో ఇంగ్లీషు టీచరైంది. ఇప్పుడు టీచర్లకు శిక్షణ ఇచ్చే టీచరు. చిన్న పిల్లలకు చదవడం ఎలా నేర్పాలో ఆమె తెర మీద బొమ్మలు వేసి పెద్దవాళ్ళకు చెబుతుంది. అందుకే, మేడం చూపించిన పొట్టి కడ్డీని పొడుగు చేయగలిగేది ఆమె ఒక్కతే అనుకుని, ఆదివారం హారికను వెంటబెట్టుకుని పులివెందుల పోయాను.

ఆమె హాల్లో గోడకు తెల్లబోర్డు, కింద మెరిసే టైల్సు. చుట్టాల పిల్లలు నలుగురైదుగురు అప్పటికే కూర్చుని ఉన్నారు. హారిక వెళ్ళి వాళ్ళలో కలిసింది. పద్మక్క నన్ను చూసి నవ్వి, "కూర్చో రా. కొత్త పిల్ల వచ్చింది గదా, మొదటి పాసేజీతోనే మొదలుపెడతా" అంటూ ఏ కాగితమూ చూడకుండా బోర్డు మీద రాసుకుంటూ పోయింది. ముసలామె. మేక. పడవ. ఆనాడు మా పరీక్షలో వచ్చిన పాసేజీయే. కింద అయిదు ప్రశ్నలు, అవి కూడా అవే.

పిల్లల కళ్ళు బోర్డు మీద పరిగెత్తాయి. పెన్నులు కదిలాయి. ఆ వేగం చూస్తే విశ్వనాథయ్య సారు ఎంత సంతోషించేవాడో అనుకున్నాను. తడి బండలు పోయి టైల్సు వచ్చాయి, ముక్కుపొడి మరక పోయి రంగుల కడ్డీ వచ్చింది. అప్పుడు మేం పేరైనా లేకుండా చేసిన దొంగపనికి ఇప్పుడు సర్టిఫికెట్టు ఇస్తున్నారు. తేడా లెక్క వేస్తే నాకు తేలింది ఇంతే. ఈలోగా అందరూ ముగించారు. హారిక ఇంకా బోర్డు వైపే చూస్తోంది, పెదవులు కదులుతున్నాయి.

"కథ నీకెందుకు మే? ప్రశ్నలు చూడు" అంది పద్మక్క. ఆమె చేతిలో ఇత్తడి డబ్బీ ఉందేమోనని నేను నిజంగానే చూశాను.

"మేకను తోసేసినారా అత్తా?"

"దానికి మార్కుల్లేవు."

"తెలుసు. తోసేసినారా?"

పిల్లలంతా నవ్వారు. పద్మక్క నవ్వలేదు. మార్కరు మూత పెట్టి, "నువ్వేమనుకుంటాండావు?" అంది.

"తొయ్యాల్సిన పనేముంది అత్తా? ఆ యమ్మ మూటలో రుబ్బురాయి ఉంది గదా. దాన్ని ఏట్లోకి ఎత్తేస్తే సరిపాయె."

"ఏ రుబ్బురాయి?" అన్నారు పిల్లలు. అదే ప్రశ్న నేనూ అడగబోయి ఆగాను. పాసేజీలో అన్నిచోట్లా మూట అనే ఉంది, మూటలో ఏముందో ఏ ప్రశ్నా అడగలేదు. అప్పుడు మొదటి లైను చదివాను, ఇన్నేళ్ళకు మొదటిసారి. ఒక ఊళ్ళో ఒక ముసలామె, కూతురికని ఒక మేకను తోలుకుని, ఒక రుబ్బురాయిని గుడ్డలో మూటగట్టుకుని బయలుదేరింది. నేను పోరంబోకు కింద వదిలేసిన లైను.

పద్మక్క కుర్చీలో కూర్చుంది. "ఆ పొద్దు మీ నాయన వాళ్ళ జేజి గూడా ఇదే మాట అనింది మే" అంది హారికతో. "రాయిని ఒళ్ళో పెట్టుకోని మేకను తోసే మాటేంది, ఆ పడవోడికి కండ్లు లేవా అని తిట్టింది. అప్పటినుంచి కొత్తగా ఎవురొచ్చినా మొదట ఈ పాసేజీనే ఇస్తాండా. మార్కులు అందరికీ వస్తాయి. రాయిని చూసింది నువ్వే." ఆమె హారిక తల నిమిరింది. తర్వాత ఆ పిల్ల నోట్సు ముందుకు లాక్కుని చూసింది. అయిదు ప్రశ్నల్లో ఒక్కదానికీ జవాబు రాసి లేదు.

పద్మక్క నిట్టూర్చి నా వైపు తిరిగింది. "రేయ్, దేవుని గూట్లో కర్పూరం ఉంటాది, పళ్ళెం గూడా తీసుకురాపో."

నేను లేచాను. హారికకు ఈ కథలో ఒక్క ముక్క కూడా నేనెప్పుడూ చెప్పలేదు. ఎందుకు కర్పూరం అని అడిగింది. పాసేజీ చదవనని ప్రమాణం చెయ్యడానికని మాత్రం పద్మక్క చెప్పింది. పిల్ల బోర్డు మీది మేకను, పద్మక్కను మార్చి మార్చి చూసింది.

"హాల్లో మాత్రమే గదా అత్తా?" అంది.